అప్పు అడగడానికొచ్చి కాఫీ ముట్టనివాళ్ళు

నేను దేశాలకి అప్పులిచ్చేదాన్ని.

ఈ మాట మా చుట్టాల్లో ఎవరూ నమ్మలేదు. మా అత్తగారు ఉన్నన్నాళ్ళూ, కోడలు కెనడాలో బ్యాంకు గుమాస్తా అనే చెప్పుకుంది. నేను ఓసారి వివరంగా చెప్పబోతే, "దేశాలకి అప్పులేమిటే, కూరగాయలవాడితో బేరమాడ్డం కూడా రాదు నీకు" అని తీసిపారేసింది. ఆ రెండో ముక్క మాత్రం నిజం. ఇప్పటికీ రాదు.

ఇప్పుడు రిటైరై కెనడాలోనే, ఈ రెజైనా ఊళ్ళోనే ఉంటున్నాం. యూనివర్సిటీలో చదువుకునే మన పిల్లలు ఆదివారాలు మా ఇంటికి భోజనానికి వస్తుంటారు. పాపం వాళ్ళకి పార్ట్‌టైమ్ షిఫ్టులు, వర్క్ పర్మిట్, పీఆర్ తప్ప వేరే ధ్యాస ఉండదు. ఆ మధ్య ఓ పిల్ల పప్పు వడ్డించుకుంటూ, "ఆంటీ, గవర్నమెంట్ జాబ్ అంటే బోర్ కదా?" అంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. బోరా! కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. పప్పు చల్లారిపోయింది కానీ ఎవరూ లేవలేదు. అందుకే ఇప్పుడు మీకోసం రాస్తున్నాను.

మా సంస్థ ప్రభుత్వ సొమ్ముతో నడిచేది. వేరే దేశాల ప్రభుత్వాలు వ్యవసాయం బాగు చేసుకోవడానికి అప్పు అడిగితే పరిశీలించి ఇచ్చేది. అడిగినవాళ్ళ ఫైలు చదివి, ప్రశ్నలు వేసి, ఇవ్వచ్చో కూడదో ఒక నోట్ రాసి కమిటీ ముందు పెట్టడం నా పని. నా పక్క సీటాయన ఇక్కడి గోధుమ రైతుల ఇంట పుట్టినవాడు. ఆరడుగుల పైన మనిషి, ఎర్రటి మొహం, పెద్ద నవ్వు. మన భాషలో రైతుబిడ్డ అంటే సరిపోతుంది. కాఫీ, డోనట్లు లేకుండా మీటింగ్ మొదలుపెడితే అరిష్టమని ఆయన నమ్మకం. మా ఇద్దరి మీదా డైరెక్టర్. ఎంగిలి చేత్తో కాకిని తోలని మనిషి. అప్పులిచ్చే ఆఫీసుకి అలాంటివాడే ఉండాలని రైతుబిడ్డ అనేవాడు.

అలాంటి మా ఆఫీసుకి ఒక ఆగస్టులో ఓ చిన్న దేశం నుంచి నలుగురు వచ్చారు. దేశం పేరు చెప్పను. యుద్ధం ఆగి రెండు మూడు పంటలైంది, అంతే. రోడ్లు, వంతెనలు, బళ్ళు అన్నీ మళ్ళీ కట్టుకోవాలి. ఒక్కొక్కదానికి ఒక్కో దేశం తలుపు తడుతున్నారు. మా తలుపు తట్టింది ధాన్యం కోసం. యుద్ధంలో గోడౌన్లన్నీ కాలిపోయాయి. పండించిన గోధుమ దాచుకునే చోటు లేక ఏటా సగం పాడైపోతోంది. మిగతా ఏడాదంతా బయటి దేశాలు దానమిచ్చే పిండి తింటున్నారు. ఓడరేవు దగ్గర ఆకాశాన్నంటే గోడౌన్లు కట్టడానికి అప్పు కావాలని వాళ్ళ ఫైలు.

వచ్చినవాళ్ళకి నాయకురాలు వాళ్ళ ఆర్థికశాఖ డిప్యూటీ మంత్రి. యాభై దాటిన మనిషి. రాజకీయాల్లోకి రాకముందు బళ్ళో లెక్కలు చెప్పేదిట. ఇంగ్లీషు బాగా మాట్లాడుతుంది. ఆవిడ పక్కన ఒక ఇంజనీరు. గుబురు మీసాలు, పెద్ద పెద్ద చేతులు. యుద్ధానికి ముందు ఆ దేశపు గోడౌన్లన్నీ ఆయన చూసుకున్నవే. ఆయనకి ఇంగ్లీషు రాదు, ఆవిడే చెప్పాలి. మిగతా ఇద్దరూ ఆఫీసర్లు.

మొదటి రోజు రైతుబిడ్డ డోనట్ల పెట్టె తెరిచి ముందుకు తోశాడు. ఎవరూ ముట్టలేదు. కాఫీ పోశాడు. వద్దన్నారు. పోనీ టీ? వద్దు. మంచినీళ్ళు? అవి కూడా వాళ్ళ బ్యాగుల్లోంచి సొంత సీసాలు తీసి తాగారు.

నాకు ప్రాణం చివుక్కుమంది. మనింటికొచ్చినవాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టలేదంటే ఏమిటి అర్థం? తగువన్నా ఉండాలి, మైలన్నా ఉండాలి. రైతుబిడ్డ నా చెవిలో, "మనమంటే వీళ్ళకి గిట్టదేమో" అన్నాడు.

డోనట్లలో కోడిగుడ్డు ఉంటుందనో, మరేదో పట్టింపనో అనుకున్నాను. మర్నాడు ఇంట్లో చేసిన జంతికలు డబ్బా నిండా పట్టుకెళ్ళాను. మా జంతికలు చూసి చెయ్యి చాపనివాళ్ళు రెజైనాలో లేరు, నా మాట నమ్మండి. ఆవిడ ముందు పెట్టి, "మా ఇంట్లో చేసినవి, పూర్తి శాకాహారం" అన్నాను. ఆవిడ నవ్వి వద్దంది. ఇంకోసారి అడిగాను. వద్దంది. మన లెక్కలో మొదటి రెండు 'వద్దు'లూ మొహమాటమే కదా, మూడోసారి బలవంతం చేస్తే పుచ్చుకోవాలి. మూడోసారి అడిగాను. నాలుగోసారి ఒకటి ఆవిడ కాగితాల మీదే పెట్టేశాను. ఆవిడ ఆ జంతిక వంక చూసిన చూపు నాకింకా గుర్తు. నేనేదో పరీక్ష పెడుతున్నట్టు నలిగిపోయింది మనిషి. మెల్లిగా దాన్ని తీసి డబ్బాలో పెట్టేసింది. నాకు ఒళ్ళు మండింది.

ఇదిలా ఉండగా అసలు పని కూడా ముందుకు కదల్లేదు. వాళ్ళ ఫైలు అద్దంలా ఉంది. రంగురంగుల బొమ్మలు, గ్రాఫులు, ఎక్కడా ఒక్క మరక లేదు. బయటి దేశపు కన్సల్టెంట్లెవరో తయారుచేశారు. ఏ ప్రశ్న వేసినా ఆవిడ ఆ పేజీ తీసి చదివి వినిపిస్తుంది. అంతకుమించి ఒక్క మాట ఉండదు. ఇంజనీరైతే నేల చూపులు చూస్తూ కూర్చునేవాడు. ఇన్నేళ్ళ అనుభవంలో నాకు ఒకటి తెలుసు. ఇబ్బందుల్లేని ఫైలు ఉందంటే రాసినవాడు ఆ ఊరు చూడలేదని అర్థం. డైరెక్టర్ నన్ను పిలిచి, "వీళ్ళు మనతో మాట్లాడ్డంలేదు, కాగితాలు మాట్లాడుతున్నాయి. కాగితాలకి నేను అప్పివ్వను" అన్నాడు. వారం తిరిగేసరికి కమిటీ. నేను 'కూడదు' అని నోట్ రాయాల్సిన పరిస్థితి.

మూడో రోజు మధ్యాహ్నం వాష్‌రూములో చేతులు కడుక్కుంటూ ఆవిడా నేనూ ఎదురుపడ్డాం. ఉండబట్టలేక అడిగేశాను. "మావల్ల ఏమైనా తప్పు జరిగిందా? మీరు మా దగ్గర ఏమీ ముట్టడంలేదు."

ఆవిడ బిత్తరపోయింది. "తప్పా? అయ్యో, అది మర్యాద! మా దగ్గర అప్పు అడగడానికి ఒకరింటికి వెళ్తే, వాళ్ళు జవాబు చెప్పేదాకా అక్కడ ఏమీ తినకూడదు."

"ఎందుకని?"

"తింటే మేం మీ అతిథులమైపోతాం. అతిథికి లేదని చెప్పడం ఏ ఇంటివాళ్ళకైనా కష్టం. కాదనే వీలు మీకు వదిలిపెట్టాలి కదా. మీరేమో రోజూ పెడుతున్నారు. నిన్న ఆ చుట్టల్లాంటివి నాలుగుసార్లు పెట్టారు. వాసనకే నోరూరిపోయింది. గదికెళ్ళి మా ఇంజనీరు వాటి గురించే మాట్లాడాడు."

నేను పకపకా నవ్వేశాను. ఎందుకంటే మా సంస్థలోనూ సరిగ్గా అదే రూలు తిరగేసి ఉంది. అప్పు అడిగేవాళ్ళ చేతి తిండి, వాళ్ళ కానుకలు మేం ముట్టకూడదు. ముట్టుకుంటే కాదనలేమని. ఆ మాట చెప్తే ఆవిడ కూడా నవ్వింది. వాళ్ళది మేం తినకూడదు, మాది వాళ్ళు తినకూడదు. మధ్యలో డోనట్లు ఎండిపోతున్నాయి. ఇద్దరం గోడకానుకుని కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వాం. జంతికలకి అవమానం జరగలేదని తెలిసి నా ప్రాణం కూడా కుదుటపడింది.

ఆ నవ్వులోనే నాకు ఓ ఆలోచన తట్టింది. ఆ శనివారం మన తెలుగువాళ్ళ వనభోజనాలు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. రెజైనాలో మనం కార్తీక వనభోజనాలు ఆగస్టులో చేసుకుంటాం. కార్తీకమాసంలో వనానికెళ్తే ఇక్కడ చలికి తోడేళ్ళు కూడా కనపడవు, అవి కూడా ఇళ్ళల్లోనే ఉంటాయి. ఉసిరి చెట్టు లేదు కాబట్టి మేపుల్ చెట్టు మొదట్లో ఉసిరికాయ పచ్చడి జాడీ పెట్టి, దానికో దణ్ణం పెట్టుకుని తింటాం. ఎవరింట్లో చేసింది వాళ్ళు తెస్తారు, అందరూ అన్నీ తింటారు. పిలిచేవాళ్ళు ఉండరు, పిలిపించుకునేవాళ్ళు ఉండరు.

డైరెక్టర్ దగ్గరికెళ్ళి అడిగాను. ఆయన కళ్ళజోడు తీశాడు. "విందు ఇస్తున్నది ఎవరు?"

"ఎవరూ కాదు. పాట్‌లక్."

"ఖర్చు?"

"ఎవరి గిన్నె వాళ్ళది."

"స్థలం?"

"సిటీ పార్కు."

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "వాళ్ళు కూడా ఏదో ఒకటి తేవాలి. అదీ అందరివాటిలో కలవాలి. ఫైలు మాట ఎత్తకూడదు. నువ్వు ముఖ్యంగా."

అటు ఆవిడ కూడా ఇవే ప్రశ్నలు వేసింది. ఎవరిల్లు? ఎవరి తిండి? ఎవరిదీ కాదు, అందరిదీ అన్నాను. నలుగురూ వాళ్ళ భాషలో గుసగుసలాడుకున్నారు. "ఎవరిదీ కాని ఇంట్లో ఎవరైనా తినచ్చు" అని తేల్చారు. ఇంజనీరు మీసాల కింద మొదటిసారి పళ్ళు కనిపించాయి.

శనివారం మేం వెళ్ళేసరికి సరస్సు పక్కన మనవాళ్ళ బెంచీలన్నీ గిన్నెలతో నిండిపోయాయి. మా పులిహోర గోదావరిది, పక్కన సకినాలు కరీంనగర్‌వి, ఆ పక్కన చిత్రాన్నం అనంతపురంది. ఊళ్ళో ఉండగా ఒకళ్ళ యాసని ఒకళ్ళు వెక్కిరించుకునేవాళ్ళమే అందరం. ఇక్కడ ఎవరి పచ్చడి కారమన్నదే తగువు. మనవాళ్ళ పిల్లలు ఇంగ్లీషులో అరుస్తూ ఫ్రిజ్‌బీ ఆడుతున్నారు. రైతుబిడ్డ మాత్రం సంప్రదాయం తప్పకుండా డోనట్లు తెచ్చాడు.

వాళ్ళు నలుగురూ హోటల్ గదిలోని చిన్న స్టవ్ మీద రొట్టెలు కాల్చి, తువ్వాళ్ళలో చుట్టి పట్టుకొచ్చారు. మధ్యలో పుల్లటి ఆకుకూర. మన ఆడవాళ్ళు తిని చూసి, ఇది గోంగూరకి దూరపు చుట్టమని ఏకగ్రీవంగా తీర్మానించారు. ఇంజనీరు ముందు జంతికల పళ్ళెం పెట్టాను. ఈసారి అడగక్కర్లేకపోయింది. ఆయన తింటుంటే ఆ కరకర సరస్సు అవతలికి వినపడి ఉంటుంది. మా ఆయన ఇంజనీరు పక్కన కూర్చుని, భాష రాకపోయినా, ఏ గిన్నెలో ఏముందో తెలుగులోనే వివరించాడు. ఆయన తన భాషలో జవాబులు చెప్పాడు. ఇద్దరికీ బాగానే కుదిరింది.

సగం భోజనాలయ్యాయి. ఇంజనీరు తినడం ఆపి తలెత్తాడు. పడమట దూరంగా ఒక నల్లటి గీత. ఈ ప్రాంతం బల్లపరుపు కాబట్టి మబ్బు చాలా దూరం నుంచే కనిపిస్తుంది. మనవాళ్ళు కూడా చూశారు.

"వానొస్తదేమో అన్నా" అన్నాడొకాయన.

"అబ్బే, రాదులెండి అంకుల్. యాప్‌లో ఏం లేదు. సన్నీ అని చూపిస్తోంది" అన్నాడు ఐటీలో పనిచేసే కుర్రాడు, ఫోన్ చూపిస్తూ.

"నా యాప్‌లో క్లౌడీ అనుంది."

"మీది ఫ్రీ వెర్షనా?"

యాప్‌ల మీద చర్చ మొదలైంది. ఎవరో ఇంకో యాప్ డౌన్‌లోడ్ చేస్తున్నారు. ఇంజనీరు ఒక్క మాట అన్నాడు, వాళ్ళ భాషలో. నలుగురూ ఒక్కసారిగా లేచారు. ఎవరేం చెయ్యాలో ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఒకాయన గిన్నెల మీద గిన్నెలు బోర్లిస్తున్నాడు. ఇంకొకాయన బెంచీలు దగ్గరికి జరుపుతున్నాడు. ఇంజనీరు మేం కూర్చోవడానికి పరిచిన నీలం టార్పాలిన్‌ని మా కాళ్ళ కింద నుంచి లాగేసి బెంచీల మీద పరిచాడు. చీర కట్టుకున్న మా ఆడవాళ్ళు గెంతారు. డిప్యూటీ మంత్రి బూట్లు విప్పి పరుగెడుతూ ఆ అంచులన్నీ లోపలికి మడిచి, రాళ్ళు దొరక్క, కనిపించిన చెప్పులన్నీ వాటి మీద బరువు పెట్టింది. ఆఖరి చెప్పు పెట్టిన క్షణానికి కుండపోత.

అలాంటి వాన నేను రెజైనాలో చాలా తక్కువ చూశాను. అందరం తడిసి ముద్దయ్యాం. పిల్లలు కేరింతలు కొట్టారు. ఐటీ కుర్రాడి ఫోన్లో ఇంకా సూర్యుడే ఉన్నాడు. గాలికి టార్పాలిన్ ఒక మూల లేవబోతే రైతుబిడ్డ వెళ్ళి దాని మీద కూర్చున్నాడు, అది మళ్ళీ కదల్లేదు. అంత వాన వచ్చినట్టే వచ్చి వెళ్ళిపోయింది. టార్పాలిన్ ఎత్తి చూస్తే పులిహోరలో ఒక్క చుక్క పడలేదు. మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. పోయిందల్లా డోనట్లే, అవి బయట ఉండిపోయాయి.

ఆవిడ జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. మొహమంతా నవ్వు. "మాకు ఇది అలవాటే" అంది. "మా పంట ప్రతి ఏడూ వానలోనే ఇంటికొస్తుంది. మబ్బు కనిపిస్తే చాలు ఊరు ఊరంతా ఇలాగే పరుగు. ముసలివాళ్ళు, పిల్లలు, టీచర్లు, అందరూ."

రైతుబిడ్డ చేతిలోని పళ్ళెం కింద పెట్టాడు. నేను ఆయన మొహం చూశాను, ఆయన నా మొహం చూశాడు. ఫైల్లో పంటకాలం పొడి అని రాసి ఉంది. తడి గింజ గోడౌన్లో పోస్తే వేడెక్కి, ముక్కిపోయి, బూజు పడుతుంది. ముందు ఆరబెట్టాలి, తరవాతే దాచాలి. వాళ్ళ ఫైల్లో ఆరబెట్టే యంత్రం ఒక్కటి కూడా లేదు. ఎంత పెద్ద గోడౌన్ కడితే అంత పెద్ద కుప్ప కుళ్ళుతుంది. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టుంది ఆ ఓడరేవు ప్లాను.

ఫైలు మాట ఎత్తనని మాటిచ్చాను కాబట్టి నోరు మూసుకున్నాను. మా ఆయన ఇప్పటికీ దాన్ని అరుదైన సంఘటనగా చెప్పుకుంటాడు. మా మొహాలు చూసి ఆవిడకే అర్థమైంది. నవ్వు ఆగింది. "సోమవారం మాట్లాడతాను" అంది మెల్లిగా.

సోమవారం పొద్దున్నే ఒక్కతే నా సీటు దగ్గరికొచ్చి కూర్చుంది. కన్సల్టెంట్లు వేసవిలో వచ్చారట. ఎండ చూశారు, పొడి అని రాశారు. ఇంజనీరు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. పెద్ద గోడౌనైతే ప్రారంభోత్సవానికి బాగుంటుందని వాళ్ళ రాజధానిలోనూ ముచ్చటపడ్డారు. అప్పు అడిగేటప్పుడు సొంత లోపాలు చెప్పుకుంటే ఎవరూ ఇవ్వరు, ఫైల్లో ఉన్నది తప్ప ఒక్క మాట ఎక్కువ మాట్లాడద్దు అని చెప్పి పంపారు. ఇంటి గుట్టు లంకకు చేటని మనం అనుకోమూ, అలాగే.

"ఇప్పుడు మారిస్తే అప్పు రాకపోవచ్చు. నా పదవి పోతుంది" అంది. "పోతే పోనీ, బడికెళ్ళి లెక్కలు చెప్పుకుంటాను. కానీ ఇంకో పంట కూడా కుళ్ళిపోతే? మా దేశంలో ఇప్పుడు బడిలో చేరుతున్న పిల్లలకి దానం పిండి రొట్టె తప్ప సొంత పొలం రొట్టె రుచి సరిగా తెలీదు. పార్కులో మీవాళ్ళు ఎవరి ఊరి వంట వాళ్ళు తెచ్చుకుని గొప్పలు పోతుంటే నాకు ఏడుపొచ్చింది."

నాకూ వచ్చింది. కానీ ఆఫీసు వేళ, పైగా పక్కనే రైతుబిడ్డ. అందుకని, "అడగందే అమ్మయినా పెట్టదు. మీకు నిజంగా కావలసింది అడగండి" అని మాత్రం అన్నాను. ఆవిడ వాళ్ళ మంత్రికి ఫోన్ చేసింది. మొదట ఆయన కేకలు ఫోన్ బయటికి వినిపించాయి. ఆవిడ కేకలు అంతకన్నా గట్టిగా వినిపించాయి. టీచర్ గొంతు కదా. చివరికి ఆయన, "నువ్వే మాటిస్తున్నావు, నువ్వే పడు" అని పెట్టేశాడట.

ఆ తరవాత కమిటీ దాకా మా ఆఫీసు పెళ్ళివారిల్లే. రైతుబిడ్డ ఇంజనీరుని కారులో ఎక్కించుకుని తన అన్నగారి పొలానికి తీసుకెళ్ళాడు. అక్కడ గింజ ఆరబెట్టే డ్రైయర్ నడుస్తోంది. నేనూ వెంట వెళ్ళాను. ఇంజనీరు యంత్రం చుట్టూ తిరిగి, వంగి చూసి, బయటికి వస్తున్న గోధుమల్లో మోచేతిదాకా చెయ్యి పెట్టాడు. వెచ్చగా, పొడిగా ఉన్నాయి. చాలాసేపు చెయ్యి తియ్యలేదు. తరవాత ఆ ఇద్దరూ కారు బానెట్ మీద కాగితం పరుచుకుని బొమ్మలు గీసుకున్నారు. రైలు మార్గం వెంట ఊరూరా చిన్న డ్రైయర్లు, పక్కన చిన్న గోడౌన్లు. ఓడరేవు లేదు, ఆకాశాన్నంటేది ఏదీ లేదు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ఇద్దరూ పోట్లాడుకున్నారు కూడా.

కమిటీ రోజు డైరెక్టర్ పాత ఫైలు చేతిలో పట్టుకుని అడిగాడు. "ఇందులో తప్పుందంటున్నారు. ఎక్కడ?"

"రెండో పేజీ నుంచి చివరిదాకా" అంది ఆవిడ.

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. డైరెక్టర్ నవ్వలేదు. "మొదటిసారి మీరు చెప్పింది నిజం కాదు. రెండోసారి చెప్పేది ఎందుకు నమ్మాలి?"

ఆ ప్రశ్న న్యాయమైనదే. నేనైనా అదే అడిగేదాన్ని. ఆవిడ తొందరపడలేదు.

"మొదటిసారి మీకు నచ్చుతుందనుకున్నది అడిగాం. ఈసారి మాకు కావలసింది అడుగుతున్నాం. ఇది చిన్నది. ఫొటోలో బాగుండదు. మా ఊళ్ళో వాన ఎలా పడుతుందో నేను ఇంతకుముందు ఎవరికీ చెప్పలేదు, సిగ్గుపడ్డాను. ఇప్పుడు అడగండి, ఎంతసేపైనా చెప్తాను."

కమిటీవాళ్ళు అడిగారు. ఆవిడ చెప్పింది. ఇంజనీరు చెప్పాడు, ఆవిడ ఇంగ్లీషులోకి మార్చింది. ఈసారి ఎవరూ పేజీలు తిప్పలేదు. తరవాత మమ్మల్ని బయటికి పంపి తలుపేశారు. కారిడార్లో బల్ల మీద రైతుబిడ్డ పొద్దున పెట్టిన డోనట్ల పెట్టె మూత వేసే ఉంది. నలుగురూ దానికి ఎదురుగా కూర్చున్నారు. ఎవరూ దానివైపు చూడటంలేదు, అందరి చూపూ అక్కడే ఉంది. నేను అన్నవరం సత్యనారాయణస్వామికి మొక్కుకున్నాను. అప్పుల విషయంలో ఆయన్ని ఇబ్బంది పెట్టడం అదే మొదటిసారి.

తలుపు తెరుచుకుంది. డైరెక్టర్ వచ్చాడు. మొహంలో ఏమీ తెలియదు, ఎప్పుడూ తెలియదు. నేరుగా బల్ల దగ్గరికెళ్ళి, పెట్టె మూత తీసి, రెండు చేతులతో ఆవిడ ముందు పట్టుకున్నాడు.

"కమిటీ ఒప్పుకుంది" అన్నాడు. "ఇంకా తినకపోతే మాత్రం నేను నొచ్చుకుంటాను."

ఆవిడ ఒక్క క్షణం ఆయన్నే చూసింది. తరవాత చాక్లెట్ పూసిన డోనట్ ఒకటి తీసుకుని, ఎంత పెద్ద ముక్క కొరికిందంటే కాసేపు థాంక్స్ కూడా చెప్పలేకపోయింది. ఇంజనీరు ఒక చేత్తో ఒకటి, రెండో చేత్తో ఒకటి. మీసాలకి చక్కెర. రైతుబిడ్డ ఇంకో పెట్టె తేవడానికి పరుగెత్తాడు. నేను డ్రాయర్‌లోంచి జంతికల డబ్బా తీశాను. మా ఆఫీసు కారిడార్లో అంత సందడి అంతకుముందు లేదు, తరవాత కూడా చూడలేదు. ఎంగిలి చేత్తో కాకిని తోలని మా డైరెక్టర్ ఆ రోజు అందరికీ స్వయంగా కాఫీ పోశాడు.

చూడండి పిల్లలూ, మీకు నీతులు చెప్పే వయసొచ్చింది నాకు, కానీ ఓపిక లేదు. ఇంటర్వ్యూలకి, అప్లికేషన్లకి అద్దంలాంటి కాగితాలు తయారుచేసుకుంటున్నారు, మంచిదే. అవతలివాడు కూడా మనిషే, వాడికి మీ ఊరి వాన గురించి కూడా ఒక మాట చెప్పి చూడండి. పనవుతుందని హామీ ఇవ్వలేను. నాకు మాత్రం నా ఉద్యోగం మీద ఆ వారంలో కలిగినంత ప్రేమ అంతకుముందెప్పుడూ కలగలేదు.

ఆ మరుసటి ఏడు పంటల వేళ, నేను రిటైరవబోతున్న రోజుల్లో, ఆవిడ దగ్గర నుంచి వీడియో కాల్ వచ్చింది. రైతుబిడ్డని పిలిచాను. డైరెక్టర్ తనంతట తనే వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. తెరమీద అంతా బూడిదరంగు. ధారలుగా వాన. వెనక డ్రైయర్ గర్జిస్తున్న చప్పుడు.

"కనిపిస్తోందా?" అని అరిచింది ఆవిడ. "బాగా చూడండి. ఎవరూ పరుగెత్తడం లేదు."

ఫోన్ అటూ ఇటూ తిప్పింది. కొత్త రేకుల కప్పు కింద జనం నిలబడి కబుర్లు చెప్పుకుంటున్నారు. కొందరు రొట్టెలు తింటున్నారు. ఒక ముసలావిడ గోడకానుకుని కునికిపాట్లు పడుతోంది. నా కళ్ళు మసకబారాయి. వెనక డైరెక్టర్ ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది, నేను వినపడనట్టే ఉన్నాను.

"ఇంజనీరు గారేరి?" అని అడిగాను.

ఆవిడ నవ్వి, ఫోన్ బయటికి తిప్పింది. అంత వానలో, ఖాళీ ఆవరణ మధ్యలో, ఆయన ఒక్కడే మొహం పైకెత్తి నిలబడి ఉన్నాడు. పనేమీ లేదు. ఊరికే తడుస్తున్నాడు.